మనసు పలుకని కీర్తనను నోరు పాడవచ్చునా?



ఈ నవంబరు మాసమందు మా సంఘములలో ఎక్కువగా పాడబడిన కీర్తనలేవో, అవి మాకేల ప్రియములైనవో వ్రాయవలెనని మిత్రులు కొందరు కోరిరి. ఇది సులభమైన పనియేనని తలంచితిమి. పాత కీర్తనల పుస్తకమును ముందు పెట్టుకొని కూర్చుంటిమి. అట్ట చిరిగి, దారముతో కుట్టబడిన పుస్తకమది. అందులో ప్రతి కీర్తన తలపైన రాగము, తాళము అచ్చువేయబడియున్నవి. మా తెలుగు సీమలో మిషనులు వేరైనను, సంఘముల పేర్లు వేరైనను, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము మాత్రము అందరి ఇండ్లలో ఒక్కటియే. అయితే కలము పట్టగానే ఒక ప్రశ్న మాకు అడ్డము నిలిచినది. ఆ ప్రశ్నను దాటి ప్రియమైన కీర్తనలను గూర్చి వ్రాయుట మాకు సాధ్యము కాలేదు. గనుక దానినే పాఠకుల ఎదుట ఉంచుచున్నాము.

ప్రశ్న ఇది. మన మనస్సులో లేని మాటను కీర్తనగా నోటితో పాడుట అబద్ధమగునా? లేక విశ్వాసమగునా?

మా ప్రాంతమును ఎరుగని వారికి రెండు మాటలు చెప్పవలెను. కృష్ణానది పులిగడ్డ యొద్ద రెండు పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. ఆ రెండు పాయల నడుమ ఉన్నదే దివిసీమ. మూడు వైపుల నీరు, తలపైన ఆకాశము తప్ప అడ్డములేని నేల. ఇక్కడ నవంబరు మాసమునకు రెండు ముఖములున్నవి. ఒకటి వరి వెన్ను బంగారమై తలవంచు ముఖము. సంఘములలో కోత పండుగకు సిద్ధపడుదురు. కృతజ్ఞతా కీర్తనలు మ్రోగును. రెండవది తుఫాను ముఖము. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణముపై సముద్రము పొంగి వచ్చినప్పుడు సుమారు 30,000 మంది చనిపోయిరి. 1843లో అక్కడ పాఠశాల స్థాపించిన రాబర్ట్ నోబుల్ దొరగారు ఆ నాశనమును చూచిన మరుసటి యేడు, అనగా 1865లో, ఆ పట్టణమందే కన్నుమూసిరి. తరువాత నూట పదమూడేండ్లకు, 1977 నవంబరు 19న, ఉప్పెన దివిసీమను ముంచినది. దాదాపు 10,000 మంది పోయిరని లెక్కలు చెప్పుచున్నవి. అంతకంటె ఎక్కువేనని మా పెద్దలందురు. మేము అప్పటికి పుట్టలేదు. అయినను మా ఊళ్ళలో ఎవరి వయస్సునైనను లెక్కించునప్పుడు "ఉప్పెనకు ముందా, తరువాతనా" అని అడుగుట నేటికిని వాడుక.

ఒకే మాసములో కోత, ఒకే మాసములో ఉప్పెన. ఒకే పీటపై పంట పనలు తెచ్చి పెట్టువారును, చనిపోయినవారి పేర్లు చదివించువారును ప్రక్కప్రక్కన కూర్చుందురు. ఇట్టి సంఘములో ఏ పాట ఎత్తవలెను?

మా సంఘములో ఒక పెద్దమ్మ ఉన్నది. మా ఊరిలో చర్చి గంట మ్రోగుటకు ముందే ఆమె గొంతు మ్రోగునని చెప్పుకొందురు. చదువు రాదు. అయినను కీర్తనలు నూటికి పైగా కంఠస్థము. పాట ఎత్తునది ఆమెయే, తక్కినవారు అందుకొందురు. ఉప్పెన నాటికి ఆమెకు పండ్రెండేండ్లు. తల్లిని ఆ రాత్రి నీరు తీసికొనిపోయినది. మూడు సంవత్సరముల క్రిందట ఇదే మాసములో ఆమె చిన్న కుమారుడు సముద్రపు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. పడవ చెక్కలు దొరికినవి. మనిషి దొరకలేదు. పాతిపెట్టుటకు దేహము లేదు, పూలు పెట్టుటకు సమాధి లేదు.

పదునైదు దినములు చూచి ఆదరణ కూడిక పెట్టితిమి. పాటలు ఏర్పరచినది మేమే. ప్రసంగము ముగియగానే "నడిపించు నా నావా" అను కీర్తన ఎత్తించితిమి. ఎ. బి. మాసిలామణి అయ్యగారు వ్రాసిన ఆ పాట తెలియని తెలుగు క్రైస్తవుడు లేడు. లూకా సువార్త అయిదవ అధ్యాయములోని రాత్రి వేట దానికి ఆధారము. రాత్రియంతయు కష్టపడి ఒక్క చేపయు పట్టలేని పేతురు ప్రభువు మాటపై మరల వల వేసిన వృత్తాంతమది. సముద్రముపై బ్రతుకువారికి ఇంతకంటె తగిన పాట ఏది అని మేము తలంచితిమి. మొదటి చరణము సగములో ఆ తల్లి లేచెను. ఎవరివైపును చూడక, చెంగు నోట కుక్కుకొని, తలుపు దాటి వెళ్ళిపోయెను. ఆ దినము మొదలుకొని చర్చిలో ఆమె పాట వినబడలేదు. ఆదివారము తప్పక వచ్చును, కూర్చుండును, ప్రార్థనలో తల వంచును. పాట వచ్చినప్పుడు మాత్రము నోరు తెరువదు.

నిజము చెప్పవలెనంటే, మొదట మాకు ఆమెపై కొంచెము కోపము కలిగినది. పాట ఎత్తువారే మౌనము వహించిన తక్కినవారి విశ్వాసమేమగును అనుకొంటిమి. ఒక దినము ఆమె ఇంటికి వెళ్ళితిమి. ఆమె వాకిట చాపపై ఎండుచేపలు తిరగవేయుచుండెను. మేము కూర్చుండి, సెమినరీలో నేర్చుకొన్న ఒక కథను చెప్పితిమి.

హొరేషియో స్పాఫోర్డ్ అను అమెరికా దేశస్థుడు, చికాగో నగరములో న్యాయవాది. 1873వ సంవత్సరము నవంబరు 22న అతని భార్యయు నలుగురు కుమార్తెలును ప్రయాణము చేయుచున్న ఓడ అట్లాంటిక్ సముద్రములో మరియొక ఓడను ఢీకొని మునిగిపోయినది. భార్య బ్రతికెను. నలుగురు బిడ్డలును పోయిరి. ఆ దుఃఖములో అతడు తన ప్రాణమునకు క్షేమమేయని ఒక కీర్తన వ్రాసెను. నేటికిని లోకమంతట క్రైస్తవులు దానిని పాడుచున్నారు. "చూచితివా అమ్మా, అతనికి నలుగురు పోయినను పాడగలిగెను" అంటిమి.

ఆమె చేపలు తిరగవేయుట మానలేదు. కొంతసేపటికి ఇట్లనెను:

"ఆయన పాట ఆయన రాసుకున్నాడు అయ్యగారూ. ఆయన్ని ఎవరన్నా పాడమన్నారా?"

మాకు జవాబు తోచలేదు. ఆమెయే మరల చెప్పెను: "ఆ పాట అబద్ధమని నేననటం లేదండి. చిన్నప్పటినుంచీ పాడినదాన్నేగా. కానీ ఇప్పుడు నా నోట పెడితే అది అబద్ధమైపోద్ది. దేవుడి దగ్గర అబద్ధం పాడమంటారా?"

ఇదియే ఆ ప్రశ్న. మూడేండ్లుగా మా వెంట వచ్చుచున్నది.

ఆమె మాటలో పరిశుద్ధ గ్రంథపు బలము లేకపోలేదు. పెదవులతో ఘనపరచుచు హృదయమును దూరముగా ఉంచుకొను జనులను గూర్చి యెషయా 29వ అధ్యాయములో ప్రభువు ఫిర్యాదు చేయుచున్నాడు. మత్తయి 15లో యేసుప్రభువే ఆ మాటను ఎత్తి చెప్పెను. ఆమోసు 5వ అధ్యాయములో మరియు కఠినముగా, న్యాయము లేని జనుల పాటల ధ్వని తనకు అక్కరలేదని దేవుడు సెలవిచ్చెను. బబులోను నదుల యొద్ద కూర్చుండిన బందీలు 137వ కీర్తనలో సితారాలను చెట్లకు తగిలించిరి. చెరపట్టినవారు పాడుమని అడిగినను పాడలేదు. ఆ మౌనమును దేవుడు తప్పు పట్టినట్లు ఎక్కడను లేదు. పైగా ఆ మౌనమే ఒక కీర్తనయై గ్రంథములో చేరినది. సామెతలు 25వ అధ్యాయములో మరియొక హెచ్చరిక కలదు: దుఃఖించువాని యెదుట పాటలు పాడుట చలిదినమున వానిపై బట్ట తీసివేయుట వంటిదట. ఈ వాక్యమును ఎన్నో పర్యాయములు చదివితిమి గాని ఆదరణ కూడికకు పాట ఏర్పరచునప్పుడు ఒక్కసారియు జ్ఞాపకమునకు రాలేదు.

అయితే రెండవ ప్రక్కను కూడ చూడవలెను. మనస్సులో నిండియున్నదే పాడవలెనను నియమము పెట్టిన, పాడదగిన దినములు మన జీవితములో ఎన్ని మిగులును? ఫిలిప్పీలో పౌలు సీలలు దెబ్బలు తిని, బొండలో కాళ్ళు బిగింపబడి, అర్ధరాత్రి పాడిరి. ఆ రాత్రి వారి వీపులు పాడుటకు ఒప్పుకొని యుండునా? హబక్కూకు ప్రవక్త అంజూరపు చెట్టు పూయకపోయినను, శాలలో పశువులు లేకపోయినను ఆనందించెదనని పాడెను. పంట చేతికి వచ్చిన పిమ్మట పాడినది కాదది. మన ప్రభువు కూడ మత్తయి 26వ అధ్యాయము ప్రకారము కీర్తన పాడిన పిమ్మటనే ఒలీవల కొండకు వెళ్ళెను. గెత్సేమనే చెమటకు ముందు ఆయన నోట కీర్తన ఉండెను. మనస్సు తేలికగా ఉన్నందున పాడెనని ఎవడు చెప్పగలడు?

కాబట్టి నోటికిని మనస్సునకును ఎడము ఉన్నంత మాత్రమున అది వేషధారణ కాదని మాకు తోచినది. ఎడములలో భేదమున్నది. ఆ భేదమును తెలిసికొనుటకు పరులను కాక మమ్మును మేమే పరీక్షించుకొంటిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆదివారము ఉదయమున, సమస్తమును ప్రభువునకు అర్పించితినని చెప్పు పాటను మేము గొంతెత్తి సంఘముచేత పాడించితిమి. ఆ సాయంకాలమే మా తండ్రిగారి పొలము యొద్ద అరగజము గట్టు కొరకు మా అన్నగారితో తగవు పడితిమి. గొంతు అదే, దినము అదే. ఉదయము సమస్తము ఇచ్చినవారము, సాయంకాలము అరగజము ఇయ్యలేకపోతిమి. ఆ పెద్దమ్మ పాడలేకపోవుటకును, మేము పాడగలుగుటకును ఉన్న భేదమేమి? ఆమెకు ఆ పాట నిజమైన బాగుండునని ఆశ ఉన్నది. అయినను నోరు రాలేదు. మాకు నోరు వచ్చినది. అయినను ఆ పాట మా గట్టు వరకు వచ్చి నిజమగుట మాకు ఇష్టము లేకపోయినది. వేషధారణయనగా ఇదియే. మనస్సు పాటకు వెనుకబడియుండుట తప్పు కాదు. పాట మనస్సును చేరకుండ తలుపు వేయుటయే తప్పు. గనుక పాడువాడు తన్ను తాను అడుగవలసిన ప్రశ్న "ఇది ఇప్పుడు నాయందు నిజమేనా" అని కాదు. "ఇది నాయందు నిజమగుట నాకు ఇష్టమేనా" అని.

దీనికి ఒక ఉదాహరణము చెప్పుదుము. ఆశ్చర్యమైన కృపను గూర్చిన ఇంగ్లీషు కీర్తన వ్రాసిన జాన్ న్యూటన్ కథ చాలమందికి తెలియును. బానిసల వ్యాపారపు ఓడలలో పనిచేసినవాడు. 1748లో సముద్రముపై తుఫానులో చిక్కుకొని దేవునికి మొఱ్ఱపెట్టెను. ఆ రాత్రియే అతడు మారిపోయెనని మన ప్రసంగములలో చెప్పుదుము. అయితే చరిత్రను సరిగా చూచిన, ఆ తుఫాను తరువాత కూడ అతడు బానిసల ఓడలకు అధిపతిగా ప్రయాణములు చేసెను. 1754 వరకు ఆ పని విడువలేదు. తరువాత దైవసేవకుడై, ఓల్నీ అను ఊరిలో 1773 నూతన సంవత్సర దినపు ఆరాధన కొరకు ఆ కీర్తన సిద్ధపరచెను. ఆ వ్యాపారము దుర్మార్గమని బహిరంగముగా పుస్తకము వ్రాసినది 1788లో. కీర్తనకును ఆ ఒప్పుకోలునకును నడుమ పదునైదేండ్లు. ఇతనిని మనము వేషధారి అందుమా? మాకట్లు తోచదు. తాను పాడిన కృప ఎంత దూరము పోవునో పాడిన దినమున అతనికే తెలియదు. పాట ముందు నడచినది. మనిషి వెనుక నడచెను. అయితే అతడు తలుపు వేయలేదు గనుక చివరకు ఆ కృప ఓడ అడుగున సంకెళ్ళలో ఉన్నవారి యొద్దకు కూడ అతనిని తీసికొనిపోయినది. మాకు కూడ గట్టు తగవు ఒక వేసవి తరువాత తీరినది. అన్నగారి ఇంటికి మేమే వెళ్ళితిమి. ఆ పాట సిగ్గుపరచనియెడల వెళ్ళియుండేవారము కాము.

ఇంతవరకు వచ్చిన పిమ్మట ఒకరు అడుగవచ్చును: "అట్లయిన ఆ పెద్దమ్మను కూడ పాడుమనవచ్చును గదా! పాట ముందు నడచును, మనస్సు వెనుక వచ్చునని చెప్పవచ్చును గదా!" మేము కూడ అట్లే తలంచితిమి. గుడివాడలో విశ్రాంతి తీసికొనుచున్న ఒక వృద్ధ పాదిరిగారు మా తలంపును సరిదిద్దిరి. ఒక దినము గుడివాడలో రైలు దిగి వారిని చూడబోతిమి. సంగతియంతయు విని వారు మార్కు సువార్త రెండవ అధ్యాయము తీయుమనిరి. పక్షవాతము గలవానిని నలుగురు మంచముతో మోసికొని వచ్చి కప్పు విప్పి దింపిన వృత్తాంతమది.

"యేసు ఎవరి విశ్వాసం చూశాడయ్యా?" అని అడిగిరి.

"వారి విశ్వాసము అని ఉన్నదండి."

"వారి అంటే?"

"మోసికొని వచ్చిన వారిది కూడ."

"మరి నువ్వేం చేశావు? ఆమె మంచం మొయ్యటం మానేసి, ఆమెనే లేచి మంచం మొయ్యమన్నావు."

ఈ మాట మమ్మును గ్రుచ్చినది. ఆలోచించిన కొలది మా తప్పు మరింత స్పష్టమైనది. ఆ కూడికలో ఆ పాటను మేము ఎందుకు ఎన్నుకొంటిమి? ఆమెను ఆదరించుటకని అనుకొంటిమి గాని, లోలోపల మరియొక కారణమున్నది. దేహము దొరకని తల్లి యెదుట మా యొద్ద మాట లేదు. ఆమె దేవుని అడుగబోవు ప్రశ్నకు మాకు భయము. ఆ ప్రశ్న నోట రాకముందే పాటతో ఆ నోరు మూయవలెనని చూచితిమి. కీర్తన ఆమె కొరకు కాదు, మా భయము కొరకు. పాటను దేవునికి అర్పింపవచ్చును, పొరుగువానికి తోడుగా ఇయ్యవచ్చును. పొరుగువాని యొద్ద పన్నుగా వసూలు చేయుటకు మనకు అధికారము లేదు. స్పాఫోర్డ్ పాట ఆదరణయైనది. అది అతని చేతి అర్పణము గనుక. అదే పాటను మేము ఆమెపై కొరడాగా ఎత్తితిమి. యోబు స్నేహితులు ఏడు దినములు నేలపై కూర్చుండి మౌనముగా ఉన్నంతకాలము మంచి స్నేహితులే. నోరు తెరచిన పిమ్మటనే చెడిరి.

మా డెల్టా రైతులకు తెలిసిన సంగతితో దీనిని చెప్పెదము. బెజవాడ యొద్ద ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనది. తరువాత 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చినది. అక్కడ కాలువలకు విడుచు నీరు ఎగువ పొలములకు ముందుగా చేరును. ఎగువవారు నాట్లు ముగించిన పిమ్మట కూడ శివారు భూములైన దివిసీమలో రైతు కాలువ వైపు చూచుచునే యుండును. నీరు ఒక్కటే, కాలువ ఒక్కటే. వచ్చు దినములు వేరు. ఎగువ రైతు శివారు రైతును చూచి "నీవింకను నాటలేదేమి, నీకు వ్యవసాయమునందు నమ్మకము లేదా" అనిన ఏమందుము? ముందు నీ మడికి కట్టిన అడ్డు తీసి నీటిని క్రిందికి పోనిమ్మందుము. మరియొకటి. ఉప్పునీరు ఎక్కిన చేనిలో వెంటనే విత్తనము చల్లువాడు విత్తనమునే పోగొట్టుకొనును. మంచినీరు పెట్టి, తీసివేసి, మరల పెట్టి ఉప్పు కడుగవలెను. దుఃఖము ఎక్కిన హృదయమును కూడ అట్లే కడుగవలెను. మంచి విత్తనమే గదా అని తొందరపడరాదు.

మరియొక దినము ఆ పెద్దమ్మ ఇంటికి వెళ్ళితిమి. ఈసారి కథ చెప్పలేదు. మా తప్పు ఒప్పుకొని క్షమింపుమని అడిగి, ఉప్పెన నాటి సంగతి అడిగితిమి. 1977లో ఆ నవంబరు 19వ తేదీ శనివారము. మరునాడు ఆదివారము. "ఆ ఆదివారం మీ ఊళ్ళో ఏ పాట పాడారమ్మా?" అంటిమి.

"పాటెక్కడిదండీ," అనెను. "గుడే లేదు. చచ్చినవాళ్ళని పూడ్చటమే సరిపోయింది. మూడు వారాలు పాట లేదు. ఆ తర్వాత ఒక ఆదివారం చెట్టు కింద కూర్చున్నాం. మా తాత వరస ముసలాయన ఒకాయన త్రాహిమాం ఎత్తాడు. పల్లవి ఒక్కటే. చరణం ఎవరికీ రాలేదు. ఆ పల్లవే తిప్పి తిప్పి పాడాం. అంతేనండి ఆరాధన."

"త్రాహిమాం క్రీస్తు నాథ" అను ఆ కీర్తన పురుషోత్తము చౌదరిగారిది. 1803లో పుట్టి, బ్రాహ్మణ కుటుంబము నుండి ప్రభువునొద్దకు వచ్చి 1833లో బాప్తిస్మము పొంది, 1890లో నిద్రించిన ఆ కవి తెలుగు సంఘమునకు ఇచ్చిన కీర్తనలు అనేకములు. త్రాహిమాం అనగా నన్ను రక్షింపుమని. అది జయము పొందినవాని పాట కాదు, మునిగిపోవువాని కేక. మునిగిపోవువాడు ఆ మాట పలుకుటలో అబద్ధమేమియు లేదు.

అప్పుడు మాకు కీర్తనల గ్రంథపు క్రమము కొంత బోధపడినది. నూటయేబది కీర్తనలలో మూడవ వంతునకు పైగా విలాపములు. 88వ కీర్తన చీకటితోనే ముగియుచున్నది. చివర ఒక్క ఆదరణ మాటయు లేదు. అట్టిదానిని ఎందుకు ఉంచిరి? జయగీతము పాడలేనివానికి కూడ ఆరాధనలో చోటు కావలెనని. దేవుని యెదుట మనము పాడవలసినది రెండే రకములు కావు, ఒకటి స్తోత్రము, రెండవది అబద్ధము అని. మూడవది కలదు. అది మొఱ్ఱ. నమ్మకము లేనివాడు మొఱ్ఱపెట్టడు. వినువాడొకడున్నాడని ఎరిగినవాడే పెట్టును. గనుక విశ్వాసపు పాటను పాడలేనని ఆమె చెప్పినప్పుడు ఆమె విశ్వాసము పోలేదు. దేవుని యొద్ద అబద్ధమాడరాదను భయము విశ్వాసము కాక మరి ఏమి?

ఇప్పుడు మా మొదటి ప్రశ్నకు మేము చూచినంత మట్టుకు జవాబు చెప్పుదుము. మనసు పలుకని కీర్తనను నోరు పాడవచ్చును, ఆ కీర్తన వచ్చి తన్ను మార్చుటకు పాడువాడు ఒప్పుకొనినయెడల. పాడక మౌనముగా ఉండవచ్చును, ఆ మౌనము దేవుని యెదుట కూర్చుండు మౌనమైనయెడల. ఒకరు మౌనముగా ఉన్నప్పుడు తక్కినవారు ఆమె కొరకు పాడవచ్చును, పాడవలెను కూడ. సంఘము ఉన్నది అందుకొరకే. పాడరానిది ఒక్కటే, ఇతరుల నోరు మూయుటకు పాడు పాట.

పాట ఎత్తు సహోదరులకును, సేవకులకును మాదొక మనవి. దుఃఖ గృహమునకు పోవునప్పుడు ఏ పాట పాడవలెనో ఆ ఇంటివారిని అడుగుడి. వారు వద్దనిన వద్దు. కోత పండుగ దినమున కృతజ్ఞతా కీర్తనల నడుమ ఒక మొఱ్ఱ కీర్తనను కూడ ఉంచుడి. పంట పోయినవాడును ఆ గుడిలో కూర్చుండియున్నాడు. దుఃఖములో ఉన్న తల్లులారా తండ్రులారా, మీ నోట పాట రానందుకు సిగ్గుపడకుడి. అయితే గుడికి రండి. మీ వంతు పాటను మేము కొంతకాలము మోసెదము. మాకు రానినాడు మీరు మోయుదురు.

గత సంవత్సరము ఈ మాసములో ఉప్పెన జ్ఞాపకార్థ కూడిక జరిగినది. ఏ పాట అని మేము ముందు వరుస వైపు చూచితిమి. చాల సేపు ఎవరును పలుకలేదు. తరువాత ఆ పెద్దమ్మ గొంతు వినబడినది. త్రాహిమాం ఎత్తెను. మునుపటి గొంతు కాదు, బొంగురుపోయినది. పల్లవి పాడి ఆగెను. చరణము మేమందరము అందుకొంటిమి.

కూడిక ముగిసిన పిమ్మట ఒక యౌవనుడు తెలియక "నడిపించు నా నావా" ఎత్తెను. మా గుండె ఆగినంత పని అయినది. ఆమె లేవలేదు, పాడలేదు. చేతులు ఒడిలో పెట్టుకొని చివరి వరకు కూర్చుండెను. వెలుపల చెప్పులు తొడుగుకొనుచు మాతో అనెను: "మీరు పాడండి అయ్యగారూ. నేను వింటా."

ఈ మాసమందు మాకు ప్రియములైన కీర్తనలు ఈ రెండే. ఒకటి ఆమె ఎత్తినది, మరియొకటి ఆమె విన్నది. ఈ యేడు కూడ రెండును పాడితిమి. రెండవదానికి ఆమె నోరు ఇంకను తెరువలేదు. మేము అడుగలేదు.

సముద్రమును ఎరిగిన ప్రభువా, పాడువారి పాటను శుద్ధిచేయుము. పాడలేనివారి మౌనమును ఆలకించుము. మా నోటి మాట మా గట్టు వరకు, మా వాకిలి వరకు నిజమగునట్లు మమ్మును నడిపించుము. ఆమేన్.